ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ కలిపి చదివితే ఏమొస్తుంది?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఇంజినీరింగ్ వద్దంటోంది. ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ మూడూ కలిపి ఉండే పీపీఈ అనే డిగ్రీ చేస్తానంటోంది. రెండు పడవల మీద కాళ్లు పెడితేనే మునుగుతామంటారు, ఇవి మూడాయె. ఈ చదువుకి విలువ ఉందా? తర్వాత ఉద్యోగం సంగతేంటి?"

అయ్యా, నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి, ఆ తర్వాత పబ్లిక్ పాలసీ కోర్సుల వైపు వచ్చినవాణ్ణి. బీటెక్ చేసి వచ్చినవాళ్లు, బీకామ్ చేసి వచ్చినవాళ్లు, ఒకటీ అరా పీపీఈ చదివి వచ్చినవాళ్లు అందరూ నా క్లాసులో కూర్చున్నారు. అందుకని మొదట మీ అనుమానాన్నే ఒప్పుకుంటాను. మూడేళ్లలో మూడు సబ్జెక్టులు ఎవరికీ రావు. నిజం చెప్పాలంటే ఒక్కటి కూడా పూర్తిగా రాదు. అయినా ఈ చదువుకి విలువ ఉందనే అంటాను. ఎందుకో చెప్పడానికి మీ జిల్లాలో అందరికీ తెలిసిన విషయమే ఒకటి తీసుకుంటాను.

రైతుబంధు. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలుపెట్టారు. పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవారికి ఎకరాకు సీజన్‌కు 4,000 రూపాయలు, తర్వాత అది 5,000 అయింది. ఇప్పుడు రైతు భరోసా పేరుతో 6,000. మొదట్లో ఎకరాలకు పరిమితి పెట్టలేదు. అంటే ఆ మొదటి ఏడాది లెక్కన రెండెకరాల ఆసామికి సీజన్‌కు 8,000, ఇరవై ఎకరాల ఆసామికి 80,000. ఆ ఇరవై ఎకరాలను కౌలుకు తీసుకుని, విత్తనం, ఎరువు, కూలి అన్నీ తన చేతినుంచి పెట్టుకుని సాగుచేసే మనిషికి సున్నా.

ఈ నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసి "ఇది న్యాయమేనా?" అని అడిగితే క్లాసు రెండు నిమిషాల్లో రెండు ముక్కలవుతుంది. "కౌలు రైతుకే ఇవ్వాలి" అని ఎక్కువమంది అంటారు. అది మంచి మనసు. ఇంకా ఆలోచన కాలేదు. ఆలోచన ఎలా మొదలవుతుందో చూడండి.

ఎకనామిక్స్ చదివిన పిల్ల లేచి ఒక లెక్క చెబుతుంది. ఎకరా కౌలు 15,000 ఉందనుకుందాం. సర్కారు ఆ కౌలు రైతు చేతిలో ఏడాదికి 10,000 పెట్టింది. వచ్చే ఉగాదికి భూమి ఆసామి ఏమంటాడు? "నీకు పదివేలు వస్తున్నాయి కదా, కౌలు ఇరవై చెయ్యి, లేకపోతే వేరేవాళ్లు అడుగుతున్నారు" అంటాడు. ఊళ్లో భూమి పెరగదు, కౌలుకు అడిగేవాళ్లు తగ్గరు. కాబట్టి డబ్బు ఎవరి ఖాతాలో పడిందన్నది ఒకటి, చివరికి ఎవరి దగ్గర తేలిందన్నది మరొకటి. భూమి మీద వచ్చే అదనపు లాభం భూస్వామి వైపే జారిపోతుందని ఇంగ్లండ్ ఆర్థికవేత్త రికార్డో 1817లోనే చెప్పాడు. పూర్తిగా జారుతుందా, సగం జారుతుందా అన్నది ఊరినిబట్టి ఉంటుంది. కౌలుకు దొరికే భూమి ఎంత, అడిగేవాళ్లు ఎందరు, ఊళ్లో వేరే పని ఉందా లేదా అని సర్వే చేసి తేల్చాల్సిందే. అక్కడ స్టాటిస్టిక్స్ కావాలి.

పొలిటికల్ సైన్స్ పిల్లవాడు ఇంకోటి అడుగుతాడు. అసలు కౌలు రైతు పేరు ఏ కాగితం మీద ఉంది? దాదాపు ఎక్కడా ఉండదు. నోటిమాట మీదే నడుస్తుంది. ఎందుకు రాసివ్వరు? భయం. తెలంగాణలో ఆ భయానికి చరిత్ర ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులుగా నమోదైనవారికి తర్వాత 38-ఈ సెక్షన్ కింద యాజమాన్య హక్కులే దక్కాయి. మీ పక్కన ఏ పాత రెవెన్యూ ఉద్యోగిని కదిలించినా 38-ఈ కేసుల గురించి గంటసేపు చెబుతాడు. తాతల నాడు జరిగింది మనవలకు గుర్తుంది, అందుకే కాగితం రాయరు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలల ఒప్పందమే, భూమి మీద హక్కేమీ రాదని చట్టంలోనే భరోసా ఇచ్చింది. కానీ ఆ కాగితానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టాల్సింది భయపడే మనిషే. దీనికి తోడు, పట్టాదార్లు పోలింగ్ బూత్‌కు తమను తాము పట్టాదార్లుగా తలుచుకుంటూ వస్తారు. కౌలుదార్లలో చాలామందికి సొంతంగా ఎకరమో అరెకరమో ఉంటుంది, వాళ్లకు దాని మీద డబ్బు పడుతుంది, ఒక గుంపుగా వాళ్లు లేవరు.

ఇక ఫిలాసఫీ. మనవాళ్లకి ఆ మాట వినగానే మాయ, బ్రహ్మం, కాషాయం గుర్తొస్తాయి. ఈ డిగ్రీలో ఎక్కువగా వచ్చేది తర్కం, నీతిశాస్త్రం, రాజకీయ తత్వం. అది అడిగే ప్రశ్న మొండిగా ఉంటుంది: అసలు ఈ డబ్బు ఎందుకు ఇస్తున్నట్టు? పెట్టుబడికి సాయమైతే పెట్టుబడి పెట్టేవాడికి పోవాలి. పేదరికానికి సాయమైతే ఇరవై ఎకరాల ఆసామికి ఎందుకు, కూలి మనిషికి ఎందుకు కాదు? వానను నమ్ముకున్నందుకు నష్టపరిహారమైతే బోరున్న పొలానికీ మెట్ట పొలానికీ ఒకే రేటు ఎందుకు? న్యాయం మీద రాసిన తత్వవేత్త రాల్స్ మాట పట్టుకున్నవాడు వరసలో అందరికంటే కింద ఉన్న మనిషి పరిస్థితి మెరుగైందా లేదా అని చూస్తాడు. ఆస్తి హక్కును సమర్థించిన తత్వవేత్త నోజిక్ మాట పట్టుకున్నవాడు "ఆసామి భూమి ఆసామిదే, సరే, కానీ పక్కవాడి దగ్గర పన్ను వసూలుచేసి ఆసామికి ఇవ్వడానికి మీరెవరు?" అంటాడు. అంటే ఆస్తి హక్కును గట్టిగా నమ్మేవాడు ఈ పథకాన్నే వద్దంటాడు. పిల్లలు ఇక్కడ తికమకపడతారు, ఎందుకంటే ఆస్తి హక్కు పక్షమంటే పట్టాదారు పక్షమే అని అంతవరకూ అనుకుంటారు.

అప్పుడు ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. కౌలు రైతుకే రావాలని ఫిలాసఫీ వైపు నుంచి తేల్చారనుకోండి. కౌలు పెరిగి అది కారిపోతుందని ఎకనామిక్స్ అంటోంది. రికార్డుకెక్కించబోతే భూమి కౌలుకే ఇవ్వరని పాలిటిక్స్ అంటోంది. ఒకదాని జవాబు ఇంకోదాని ప్రశ్నను మార్చేస్తోంది. మరి సాయాన్ని ఎకరానికి కాకుండా పంటకు ముడిపెడితే? తెలంగాణలో సన్న వడ్లకు ఇచ్చే క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఆ దారిలోది. అప్పుడు కొనుగోలు కేంద్రంలో ఎవరి పాస్‌బుక్ చూసి, ఎవరి ఖాతాలో వేస్తారన్నది కొత్త తగాదా. ఎకరానికి కాకుండా ఇంటికి ఇంత అని ఇస్తే? భూమిలేని కూలి కుటుంబాలకు ఏడాదికి 12,000 అని 2025లో మొదలుపెట్టినది ఆ ఆలోచనే. అప్పుడు కూలి కుటుంబం ఏదో ఎలా గుర్తిస్తారు?

ఒక సబ్జెక్టు మాత్రమే చదివినవాళ్లు ఈ చర్చలో తమ వంతు చెప్పి కూర్చుంటారు. మూడూ చదివినవాళ్లలో మంచివాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఇది లెక్క తప్పా, విలువల దగ్గర తేడానా, లేక ఎవరి చేతిలో పెత్తనం ఉందన్న గొడవా అని విడదీసి చూస్తారు. మన టీవీ చర్చల్లో అరుపులకు సగం కారణం ఈ విడదీయడం రాకపోవడమే. ఒకడు విలువల గురించి మాట్లాడుతుంటే ఇంకొకడు అంకెలు విసురుతాడు. నా దృష్టిలో మీ అమ్మాయి చదువు ఇచ్చేది ఆ అలవాటు. అది పుస్తకం చదివితే రాదు, వారం వారం వ్యాసం రాసి, దాన్ని ఎవరైనా ముందు కూర్చుని చీల్చి చెండాడితే వస్తుంది.

ఈ మూడింటినీ ఎవరో కొత్తగా అతికించారని కూడా అనుకోకండి. ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో చెప్పిన పాఠం నైతిక తత్వశాస్త్రం. ఎకనామిక్స్‌కు కేంబ్రిడ్జ్‌లో విడిగా డిగ్రీ పరీక్ష పెట్టించింది ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్, 1903లో. విడిపోయిన కొద్ది కాలానికే, 1920లో, ఆక్స్‌ఫర్డ్ మళ్లీ మూడింటినీ కలిపి పీపీఈ పెట్టింది. అంతకుముందు అక్కడ పెద్ద ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు గ్రీకు, లాటిన్ గ్రంథాలు చదివేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వం నడపడానికి అవి చాలవనిపించింది. అందుకే దీనికి మోడర్న్ గ్రేట్స్ అని ముద్దుపేరు పెట్టారు. మొదటి ఏడాది మూడూ తప్పనిసరి, తర్వాత కావాలంటే ఒకటి వదిలేసి రెండింటితో వెళ్లొచ్చు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. ఆ డిగ్రీ పుట్టిన చోటే చాలామంది ఒకటి వదిలేస్తారు.

డిగ్రీ పేరు లేకుండానే ఈ చదువు చదివిన మనిషి మన దగ్గర ఉన్నాడు. అంబేద్కర్ 1913లో కొలంబియాకు వెళ్లి ప్రధానంగా ఎకనామిక్స్ చదివాడు, జాన్ డ్యూయీ దగ్గర ఫిలాసఫీ పాఠాలు విన్నాడు. లండన్‌లో రూపాయి సమస్య మీద రాసిన సిద్ధాంత గ్రంథానికి 1923లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా వచ్చింది. 1918లోనే ఆయన చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశాడు. కమతం చిన్నదైపోవడం రోగం కాదు, భూమి మీద ఆధారపడ్డవాళ్లు ఎక్కువైపోవడమే అసలు రోగం, మందు పరిశ్రమల్లో ఉంది అని వాదించాడు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం చూడండి. జనవరి 26 నుంచి మనం ఒక వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నాం, రాజకీయాల్లో మనిషికో ఓటు, ఓటుకో విలువ ఉంటుంది, సామాజిక ఆర్థిక జీవితంలో మాత్రం అసమానత ఉంటుంది, ఈ వైరుధ్యాన్ని తొందరగా తొలగించకపోతే నష్టపోయినవాళ్లు ఈ ప్రజాస్వామ్య కట్టడాన్నే కూల్చేస్తారు అని హెచ్చరించాడు. ఓటు గురించి, ఆస్తి గురించి, సమానత్వం అంటే ఏమిటన్నదాని గురించి ఒకే ఊపిరిలో మాట్లాడాలంటే మూడూ తెలిసుండాలి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రూపాయి మీద ఆయన మాటకు బరువు రావడానికి కారణం అందులో ఆయన నిపుణుడు కావడం. మూడూ పైపైన చదివి ఉంటే ఎవరూ వినేవారు కాదు.

పైపైన చదివినవాళ్ల కథ కూడా చెప్పాలి, లేకపోతే ఇది కాలేజీ బ్రోచర్ అయిపోతుంది. బ్రిటన్‌లో ఈ డిగ్రీకి పేరెంతో చెడ్డపేరూ అంతే. ప్రధానులైన హెరాల్డ్ విల్సన్, ఎడ్వర్డ్ హీత్, డేవిడ్ కామెరాన్, లిజ్ ట్రస్, రిషి సునాక్ అందరూ ఆక్స్‌ఫర్డ్ పీపీఈ వాళ్లే. 2022 సెప్టెంబర్ 23న ట్రస్ ప్రభుత్వం డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారో చెప్పకుండా దాదాపు 45 బిలియన్ పౌండ్ల పన్నుకోతలు ప్రకటించింది. ప్రభుత్వ బాండ్ల ధరలు పడిపోయాయి, పెన్షన్ ఫండ్లు ఇబ్బందుల్లో పడ్డాయి, ఐదు రోజులకే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి బాండ్లు కొనాల్సి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే ఆమె కుర్చీ దిగారు. ఆ పన్నుకోతల్లో చాలావాటిని అక్టోబర్‌లో వెనక్కి తీసుకున్న ఆర్థికమంత్రి జెరెమీ హంట్ కూడా అదే డిగ్రీ. తర్వాత కుర్చీ ఎక్కిన సునాక్ కూడా అదే. చెడగొట్టిందీ పీపీఈ, సరిదిద్దిందీ పీపీఈ! దేన్నైనా రాత్రికి రాత్రి చదివి ఉదయం ధీమాగా మాట్లాడగల తెలివి ఈ డిగ్రీ ఇస్తుందని విమర్శకులంటారు. నేను చూసిన పిల్లల్లో కూడా కొందరికి ఆ జబ్బు ఉంది. ఇంటర్వ్యూలో బ్రహ్మాండంగా మాట్లాడతారు, ఒక డేటా షీటు ముందు పెడితే చెమటలు పడతాయి.

ఈ జబ్బుకు మందు మీ అమ్మాయి దగ్గర ఇప్పటికే ఉంది. ఆమె ఎంపీసీ. ఆ లెక్కలను వదలొద్దని చెప్పండి. లెక్కలంటే ఎకనామిక్స్ పేపర్‌కే అనుకుంటారు. కాదు, చూడండి. ఒక ఊళ్లో డబ్బు ఒక్క పనికే ఉంది: చెరువు, రోడ్డు, బడి. ముగ్గురు వార్డు మెంబర్లు. మొదటాయనకు చెరువు ముందు, తర్వాత రోడ్డు, చివర బడి. రెండో ఆమెకు రోడ్డు, బడి, చెరువు. మూడో ఆయనకు బడి, చెరువు, రోడ్డు. చెరువుకీ రోడ్డుకీ ఓటు పెడితే ఇద్దరు చెరువంటారు. రోడ్డుకీ బడికీ పెడితే ఇద్దరు రోడ్డంటారు. అయితే బడి కంటే చెరువే మేలని ఊరు అనాలి కదా? ఓటు పెట్టి చూడండి, ఇద్దరు బడే అంటారు. ఎవరూ తిక్కగా ఓటెయ్యలేదు, అయినా ఊరికి ఒక అభిప్రాయమే లేకుండా పోయింది. ఏ రెండింటికి ముందు ఓటు పెట్టాలో నిర్ణయించే సర్పంచ్ తనకు కావలసింది గెలిపించుకోగలడు. ఫ్రెంచ్ గణితవేత్త కాండోర్సే 1785లో ఈ చిక్కును పట్టుకున్నాడు. మూడు, అంతకంటే ఎక్కువ దార్లున్నప్పుడు, కొన్ని సామాన్యమైన న్యాయపు షరతులన్నిటికీ ఒకేసారి లొంగే ఓటింగ్ పద్ధతి ఉండదని ఆర్థికవేత్త కెన్నెత్ యారో 1951లో గణితంతో నిరూపించాడు. ఇది ఎకనామిక్సా, పాలిటిక్సా, ఫిలాసఫీయా? అమర్త్య సేన్ జీవితకాలం పనిచేసింది ఇక్కడే. ఎంపీసీ పిల్ల అరగంటలో ఈ నిరూపణ మొదటి మెట్టు ఎక్కగలదు.

ఇక ఎక్కడ చదవాలి. మన దేశంలో అశోకా యూనివర్సిటీలో ఈ మూడూ కలిపిన మేజర్ ఉంది. ఇంకొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు ఇలాంటివి పెడుతున్నాయి. ఫీజులు మామూలుగా ఉండవు. విదేశాల్లో ఆక్స్‌ఫర్డ్, యార్క్, వార్విక్, నాలుగేళ్ల కోర్సుగా లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇలా చాలా ఉన్నాయి. మూడేళ్లకు బ్రిటన్ ఖర్చు కోటి రూపాయలు సులువుగా దాటుతుంది. స్కాలర్‌షిప్ లేకుండా, ఇల్లు తాకట్టు పెట్టి బీఏకి బ్రిటన్ పంపడం నేను సమర్థించను. అంత డబ్బు పెట్టేదుంటే పీజీకి పెట్టండి.

తక్కువ ఖర్చులో ఇదే చదువు కట్టుకునే దారి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మన డిగ్రీ కాలేజీల్లో హెచ్ఈపీ అని హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ గ్రూపు, ఈపీపీ అని ఎకనామిక్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, పొలిటికల్ సైన్స్ గ్రూపు తరాలుగా ఉన్నాయి. ఎక్కడా సీటు రానివాళ్లు చేరే గ్రూపులని చిన్నచూపు చూశాం గానీ, సివిల్స్ రాసినవాళ్లలో వాటిలో చదివినవాళ్లు ఎందరో. తెలంగాణలో దోస్త్ అనే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా చేరేటప్పుడు సబ్జెక్టుల కాంబినేషన్ చూసుకుని ఎంచుకోవచ్చు. ఆంధ్రలో 2023లో ఒక ప్రధాన సబ్జెక్టు (మేజర్), ఒక ఉప సబ్జెక్టు (మైనర్) పద్ధతి వచ్చింది, ఎకనామిక్స్ మేజర్‌కు పొలిటికల్ సైన్స్‌ను జోడించుకోవచ్చు. లోటు ఫిలాసఫీ దగ్గరే. ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో డిపార్ట్‌మెంట్లున్నాయి గానీ మామూలు డిగ్రీ కాలేజీలో ఆ పాఠం చెప్పేవాళ్లు అరుదు. అది సొంతంగా చదువుకోవాలి, లేదా ఆన్‌లైన్ కోర్సు చేయాలి. నన్నడిగితే ఎకనామిక్స్ గట్టిగా, లెక్కలతో సహా చెప్పే చోట చేరి, మిగతా రెండూ పక్కన కట్టుకోవడం పీపీఈ అని బోర్డు పెట్టి మూడూ నీళ్లు కలిపి పోసే చోటు కంటే మేలు.

ఏ కాలేజీ అయినా వెబ్‌సైట్ ఫొటోలు చూడకుండా సిలబస్ తెరిచి చూడండి. ఎకనామిక్స్‌లో కాలిక్యులస్, స్టాటిస్టిక్స్, డేటాతో ఆర్థిక వాదాలను పరీక్షించే ఎకనోమెట్రిక్స్ ఉన్నాయా? మూడు డిపార్ట్‌మెంట్ల పేపర్లను పక్కపక్కన పేర్చేశారా, లేక మూడూ కలిసే పేపర్లు కొన్నైనా ఉన్నాయా? విద్యార్థి రాసిన వ్యాసం మీద టీచరు ఎర్ర సిరాతో ఏమైనా రాసి తిరిగిస్తారా, లేక మార్కు వేసి కట్ట కట్టేస్తారా? ఈ మూడో సంగతి వెబ్‌సైట్‌లో దొరకదు, అక్కడ చదువుతున్న పిల్లల్ని పట్టుకుని అడగాలి.

ఉద్యోగం గురించి. బీటెక్‌కి ఉన్నట్టు క్యాంపస్‌కొచ్చి వందమందిని తీసుకుపోయే కంపెనీలు దీనికి తక్కువ, ఆ ఆశ పెట్టుకోవద్దు. వెళ్లే దార్లు ఇవీ: పాలసీ పరిశోధన సంస్థలు, కన్సల్టింగ్, జర్నలిజం, లా, అభివృద్ధి రంగం, సివిల్స్. సివిల్స్‌కి, మన గ్రూప్ పరీక్షలకి ఏ డిగ్రీ అయినా చాలు. యూపీఎస్సీ మెయిన్స్‌లో 2013 నుంచి ఎథిక్స్ మీద 250 మార్కుల పేపర్ ఉంది. ఫిలాసఫీ, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ మూడూ ఆప్షనల్స్‌లో ఉన్నాయి. అయితే సివిల్స్ కోసమే ఈ డిగ్రీ చేయించకండి. సీట్లు వందల్లో ఉంటాయి, రాసేవాళ్లు లక్షల్లో. చాలామందికి అసలు జీతం పీజీ తర్వాతే మొదలవుతుంది, కాబట్టి మూడేళ్లకు కాదు, ఐదేళ్లకు లెక్క వేసుకోండి.

ఒక చోట మాత్రం కాగితం దగ్గర దెబ్బ తగులుతుంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కి ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి. లెక్చరర్ పోస్టుకి "సంబంధిత సబ్జెక్టులో" పీజీ అని నోటిఫికేషన్‌లో రాస్తారు. ఆ పీజీలో చేరడానికి కొన్ని యూనివర్సిటీలు డిగ్రీలో ఆ సబ్జెక్టు ఇన్ని క్రెడిట్లు చదివుండాలని అడుగుతాయి, కొన్ని ఇంటర్‌లోనో డిగ్రీలోనో లెక్కలు అడుగుతాయి. కలిపి చదివిన డిగ్రీలో ఒక్కో సబ్జెక్టు వాటా తగ్గుతుంది కదా, అక్కడ ఆగిపోయిన పిల్లలున్నారు. మీ అమ్మాయిని కూర్చోబెట్టి, తర్వాత వెళ్లాలనుకునే రెండు మూడు పీజీ కోర్సుల అర్హతలు ఇప్పుడే ప్రింట్ తీయించండి. చేరబోయే కాలేజీలో ఎకనామిక్స్‌కు ఎన్ని క్రెడిట్లు వస్తాయో, మార్కుల మెమోలో సబ్జెక్టు పేరు విడిగా పడుతుందో లేదో ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే ఫీజు కట్టండి.